పన్నెండు కోతల పుస్తకం

పుస్తకంలో కొత్త భాగం మొదలయ్యే చోట ‘అధ్యాయం’ అని ఒక మాట ఉంటుంది. దాన్ని రచయిత రాయడు. ఇప్పటి పద్ధతిలో టైపు చేసేవాళ్ళు కూడా కొట్టరు. ఇక్కడ కొత్తది మొదలవుతోంది అని కంప్యూటర్‌కి ఒక గుర్తు పెడితే చాలు, మాటా అంకే రెండూ వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి, తెల్లవారేసరికి మిరపాకు మీద మంచు కూర్చున్నట్టు. ఎవరు చల్లారని ఎవరూ అడగరు.

జయకుమారి అడిగింది.

ఆమెకి నలభై ఎనిమిదేళ్ళు. గుంటూరు బ్రాడీపేటలో మందుల కొట్టు పైన ఒక గది అద్దెకి తీసుకుని పుస్తకాలకి పేజీలు కడుతుంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కిటికీలోంచి కనిపించే కరెంటు తీగల గుబురు. ఆ తీగల మధ్య ఆకాశం చిన్న చిన్న పేరాలుగా విడిపోయి ఉంటుంది.

వాళ్ళ నాన్న జక్రయ్య కొత్తపేటలో ఒక ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుసలో పేర్చేవాడు. ఆయన చేతిలో అక్షరాలు ఎప్పుడూ కుడి ఎడమలు మారి ఉండేవి. ఆయన వాటిని అలాగే గడగడా చదివేవాడు. లోకమంతా అద్దానికి ముందు ఉంటే నాన్న ఒక్కడే వెనకాల ఉన్నాడని ఆరేళ్ళ జయకుమారి అనుకునేది. ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు కూడా ఆయన చొక్కా నుంచి అక్షరాలు కడిగే కిరోసిన్ వాసన పోయేది కాదు. ప్రెస్సు మూతపడ్డాక ఆ అక్షరాలన్నిటినీ తూకానికి అమ్మేశారు. కూతుర్ని మాత్రం టైపు నేర్చుకోమన్నాడు.

నేర్చుకుంది. పెళ్ళి కార్డులు, ఎన్నికల కరపత్రాలు, కోల్డ్ స్టోరేజీ రసీదులు, ఏం వచ్చినా అప్పటి కంప్యూటర్ ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో కట్టింది. తర్వాత మంగళగిరిలో ఒక ఆఫీసులో చేరింది. అక్కడ విదేశీ లెక్కల పుస్తకాలు లేటెక్ అనే పద్ధతిలో కట్టేవారు. జర్మను పుస్తకం వస్తే అధ్యాయానికి జర్మను మాట దానంతటదే పడేది, ఫ్రెంచి పుస్తకం వస్తే ఫ్రెంచి మాట. ఒకరోజు భోజనాల వేళ జయకుమారి తన డబ్బా మూత కూడా తీయకుండా, తెలుగు అక్షరాలతో ఒక పేజీ కట్టి చూసింది. పైన ఇంగ్లీషులో ‘చాప్టర్’ అని పడింది. మన మాట ఎందుకు పడలేదని సూపర్‌వైజర్‌ని అడిగింది. అది ఎవరికి కావాలమ్మా అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అన్నాడు.

ఆమె ఆరేళ్ళు ఆ ఆఫీసులో పనిచేసింది. ఆ ఆరేళ్ళూ మధ్యాహ్నాలు తనకి కావలసింది తను నేర్చుకుంది. తెలుగుకి కూడా ఎవరో ఎక్కడో అధ్యాయం, గ్రంథసూచి లాంటి పేర్ల జాబితా తయారుచేసి పెట్టారని, దాన్ని పిలిస్తే పలుకుతుందని తెలుసుకుంది. తెలిసిన నెలకే రాజీనామా ఇచ్చి గుంటూరు వచ్చేసింది. కోల్డ్ స్టోరేజీలో బస్తాలు తూచే ఆమె భర్త, ఉన్న ఉద్యోగం వదులుకుని ఏం చేస్తావని అడిగాడు. తెలుగు పుస్తకాలు కడతానంది. ఆయన గది వెతకడానికి తోడు వచ్చాడు.

ఇదంతా జరిగిన పదేళ్ళకి, కిందటి జనవరిలో, భవ్య ఆ మేడమెట్లు ఎక్కి వచ్చింది.

భవ్య గుంటూరులోనే ఒక ట్రస్టులో పనిచేస్తుంది. పెదనందిపాడు వైపు ఒక ఊళ్ళో మిరపకాయలు కోసే ఆడవాళ్ళ ముఠా ఉంది. పన్నెండు మంది. రెండేళ్ళపాటు వాళ్ళ దగ్గర కూర్చుని భవ్య వాళ్ళ మాటలు రికార్డు చేసింది, రాసింది, ఇంగ్లీషు చేసింది. ఒక్కో మనిషి కథ తెలుగులో, వెంటనే అదే కథ ఇంగ్లీషులో, మళ్ళీ తర్వాతి మనిషి తెలుగులో. అలా రావాలి పుస్తకం.

ముఠా వాళ్ళు ఒక్కటే అడిగారని భవ్య చెప్పింది. అధ్యాయం అని పెట్టొద్దన్నారు. కోత అని పెట్టమన్నారు.

ఎందుకంటే వాళ్ళు తమ జీవితాన్ని చెప్పింది అలాగే. ఏ సంవత్సరం అని భవ్య అడిగితే ఎవరికీ తట్టేది కాదు. పెద్దాడు పుట్టింది వానలు లేని ఏడు, రెండో కోతలో. కాలు విరిగింది చివరి కోతలో, తాలుకాయ ఏరుతున్నప్పుడు. మొగుడు పోయింది మొదటి కోత రేపనగా. మొదటి కోతలో కాయ తక్కువ, రంగు ఎక్కువ. రెండో దాంట్లో చెట్టు వంగిపోతుంది, కోసేవాళ్ళూ వంగిపోతారు. చివరికి వచ్చేసరికి ఎరుపు పోయి తెల్లబడిన తాలు మిగులుతుంది, దానికోసం కూడా అంతే వంగాలి. వాళ్ళ కాలానికి అంకెలు కావు, కాయలు గుర్తు.

పుస్తకం వెనక ‘గ్రంథసూచి’ అని వచ్చే చోట కూడా వాళ్ళ మాట వేరే ఉంది. అక్కడ ఉండేవి గ్రంథాలు కావు, పన్నెండు పేర్లు. ‘చెప్పినవాళ్ళు’ అని పెట్టమన్నారు. ట్రస్టులో ప్రచురణలు చూసే శశిభూషణ్ గారు ఫోన్లో సరే అన్నారట.

జయకుమారి ఆ పని చాలా ఇష్టంగా మొదలుపెట్టింది. ఫైలు మొదట్లో, మాటలు మొదలయ్యే ముందు, రెండు వరుసలు రాసింది. అధ్యాయం అనే చోట కోత అను. గ్రంథసూచి అనే చోట చెప్పినవాళ్ళు అను. పేజీ తీసి చూస్తే ‘కోత 1’ అని పడింది. ఆ రెండక్షరాలు పేజీ పైన పెద్దగా, కొత్త చీర కట్టుకుని పేరంటానికి వచ్చిన మనిషిలా నిలబడ్డాయి. ఆమె తృప్తిపడి లోపలి పనిలో పడింది. కథలన్నీ అక్షరం అక్షరం దిద్దింది. పైన ఉన్న పెద్ద అక్షరాల వంక మళ్ళీ చూడలేదు. పేజ్‌మేకర్‌లో ఒకసారి మార్చింది మార్చినట్టే ఉండేది. చేతికి ఆ నమ్మకం ఇంకా ఉంది.

ఫిబ్రవరిలో ప్రూఫు తీసుకుని భవ్యతోపాటు తనూ ఆ ఊరు వెళ్ళింది. ముఠా రెండో కోతలో ఉంది. మధ్యాహ్నం అన్నాలు తిని గట్టు మీద కూర్చున్నారు. ఎదురుగా కల్లంలో ఆరబోసిన కాయ కంటికి అందినంత మేర ఎర్రగా పరుచుకుని ఉంది. గాలి వీస్తే ఘాటు లేచి వచ్చి కొత్తవాళ్ళని మాత్రమే దగ్గిస్తోంది.

ముఠా మేస్త్రి వెంకటేశ్వరమ్మ. అరవై దాటాయి. కూలి మాట్లాడటం, మనుషుల్ని కూడగట్టడం, కోసిన మొక్కల సాలు సరిచూడటం ఆమె పని. భవ్య మొదటి పేజీ తీసి గొంతు సవరించుకుంది. వెంకటేశ్వరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“చివర్నుంచి చదువమ్మాయ్.”

భవ్యకి అర్థం కాలేదు. పక్కనున్నవాళ్ళు నవ్వారు, వాళ్ళకి తెలుసు. సాలు మొదట్లో అందరూ శుభ్రంగానే కోస్తారు. మేస్త్రి కళ్ళు అక్కడుంటాయి, ఒంట్లో ఓపిక ఉంటుంది. సాలు చివరికి వచ్చేసరికి వేళ్ళు మండుతాయి, ఆకు చాటున కాయ ఆకు చాటునే ఉండిపోతుంది. అందుకని ముప్పై ఏళ్ళుగా ఆమె ఏ సాలునైనా చివర్నుంచే చూసుకుంటూ వస్తుంది.

భవ్య కట్టని తిరగేసింది. చివరి పేజీ మీద ‘గ్రంథసూచి’ అని ఉంది. దాని కింద పన్నెండు పేర్లు. ఆమె చదవలేక జయకుమారి వంక చూసింది. తర్వాత పన్నెండో కథ తీసింది. అధ్యాయం పన్నెండు. పదకొండోది తీసింది. అధ్యాయం పదకొండు. ఒక్కోటీ వెనక్కి వస్తుంటే జయకుమారి ముందుకి వంగి చూసింది. రెండో కథ దాకా అధ్యాయమే. మొదటిది ఒక్కటే కోత.

పన్నెండో కథ ఆయేషాది. ముఠాలో ఏడో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే. పేజీని తన చేతిలోకి తీసుకుని చూసింది.

“మొదటిదానికి మేం అడిగింది పెట్టి, మిగతావి ఎవరు చూస్తార్లే అనుకున్నారా మేడమ్?” అంది. “నా ఇంటి గుమ్మానికి ఎవరి పేరో రాసిన బోర్డు తగిలించినట్టుంది.”

నాలుగేళ్ళ కిందట ఎవరో వచ్చి వీళ్ళ ఫోటోలు తీసుకున్నారు. తర్వాత ఒక కరపత్రం వచ్చింది. మందు కొట్టిన చేలో తామంతా ముక్కుకి గుడ్డ, చేతికి తొడుగు వేసుకుని పనిచేస్తామని తామే చెప్పినట్టు అందులో ఉంది. తొడుగు మొహం కూడా వాళ్ళు చూసి ఎరుగరు. అప్పట్నుంచి అచ్చులో ఏమున్నా ముందు అనుమానంగానే వింటారు. భవ్య రెండేళ్ళు కూర్చుంటే కరిగిన అనుమానం ఒక్క పూటలో గడ్డకట్టింది. పుస్తకం అచ్చుకి వెళ్ళాలంటే నా మాటలు వేసుకోవచ్చని పన్నెండు మందీ ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ కాగితాలు భవ్య సంచీలో ఉన్నాయి. ఆమె వాటిని బయటికి తీయలేదు.

జయకుమారి సంజాయిషీ చెప్పలేదు. తను కోత అనే పెట్టాననీ, ఎందుకు నిలవలేదో తనకే తెలియదనీ మాత్రం అంది.

“తెలుసుకునే రా,” అంది వెంకటేశ్వరమ్మ. “కోత అని లేకపోతే మా సంతకం లేదు. మాట కూడా లేదు. రికార్డులో ఉన్నదంతా చెరిపేసుకోండి.”

తిరుగు బస్సులో జయకుమారి కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డుకి రెండు పక్కలా పత్తి తీసేసిన చేలు, మోడు కట్టెలకి అక్కడక్కడా చిక్కుకున్న తెల్లటి పోగులు. ఆమె వాటినే చూస్తూ వచ్చింది. వదిలేసిన పోగులా తన నిర్లక్ష్యం ఎంత దూరానికైనా కనిపిస్తోందనుకుంది.

మర్నాడు పొద్దున్నే కూర్చుని తప్పు పట్టుకుంది. అది యంత్రానిది కాదు, తనదే. ప్రతి భాషకీ ఒక జాబితా ఉంది. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళగానే ఇంగ్లీషు జాబితా తెరుచుకుంటుంది. ఇంగ్లీషు ముగిసి తెలుగు మొదలవగానే తెలుగు జాబితా మళ్ళీ మొదటినుంచి తెరుచుకుంటుంది, అందులో ఏ మాట ఉంటే ఆ మాటే తెస్తుంది. ఆమె కోత అన్న మాటని పేజీలకి చెప్పింది. తెలుగు జాబితాకి చెప్పలేదు. అందుకే మొదటి కథ దాకా అది నిలిచింది. ఒక్కసారి ఇంగ్లీషు గడప దాటి రాగానే పాత మాట పాత కుర్చీలో కూర్చుంది. పదకొండుసార్లు దాటితే పదకొండుసార్లూ కూర్చుంది.

ఇంటి బయట అరుగు మీద పడుకోబెట్టాను మీ మాటని, లోపల చోటు ఇవ్వలేదు అని ఆ ముఠాకి మనసులోనే ఒప్పుకుంది. ఆ రెండు వరుసలనీ అక్కడినుంచి తీసి తెలుగు జాబితాలోకే ఎక్కించబోతుండగా ఫోను మోగింది.

శశిభూషణ్ గారు. ఆయన చెడ్డవాడు కాదు. తెలుగు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాడు, తండ్రి తాతలు పురోహితులు, పుస్తకం అంటే కళ్ళకద్దుకునే మనిషి. భవ్య అంతా చెప్పిందన్నాడు. బాధపడొద్దన్నాడు. ఆ రోజు ఫోన్లో సరే అన్నాను గానీ ఆలోచిస్తే ఇప్పుడు పడినవే సరైన పేర్లనీ, అలాగే ఉంచెయ్యమనీ అన్నాడు. లైబ్రరీల్లోకి వెళ్ళే పుస్తకం, విదేశాల్లో చదివే పుస్తకం, దానికో మర్యాద ఉండాలి. పైగా మిరపకి ఐదో ఆరో కోతలుంటాయి గానీ పన్నెండు ఎక్కడుంటాయి, వ్యవసాయం తెలిసినవాళ్ళు నవ్వరా. ఆ ఆడవాళ్ళకి తను నచ్చజెబుతానన్నాడు.

“మనం పొరపాటు పడ్డా యంత్రం సరిచేసిందనుకోండి జయకుమారి గారూ.”

“యంత్రం సరిచెయ్యలేదండీ. దానికి ఆ మాట ఎవరో నేర్పారు. నేనింకో మాట నేర్పుతున్నాను.”

“ఎవరో కాదమ్మా, తెలిసినవాళ్ళు నేర్పారు.”

“కాయ కొయ్యడం వీళ్ళకి తెలుసు కదండీ.”

ఆయన గొంతు మారింది. ఫైలు పంపించమన్నాడు, ఆఫీసులో ఎవరిచేతనైనా మార్పించుకుంటామన్నాడు. ఇక ముందు ట్రస్టు పుస్తకాలు వేరేచోట ఇచ్చుకోవలసి వస్తుందని కూడా నెమ్మదిగా చెప్పాడు. ట్రస్టు పుస్తకాలే ఆ గదికి సగం పని.

“పంపిస్తానండీ,” అంది జయకుమారి. “పేజీ కూర్పు అని ఉన్నచోట నా పేరు తీసేయండి. పేర్లు పెట్టినవారు శశిభూషణ్ అని వేసుకోండి. చదివినవాళ్ళు అడిగితే వాళ్ళకి తెలియాలి కదా.”

ఫోను పెట్టేశాక ఆమె తెలుగు జాబితా తెరిచింది. అధ్యాయం ఉన్నచోట కోత రాసింది. గ్రంథసూచి ఉన్నచోట చెప్పినవాళ్ళు రాసింది. కళ్ళు మూసుకుని కాదు, ఒక్కో అక్షరం చూసుకుంటూ.

ఫైలు ఆయనకి పంపింది. భవ్యకి కూడా పంపింది. మంగళవారం ముఠా మొత్తం ట్రస్టు ఆఫీసుకి వస్తోందని భవ్య తిరిగి మెసేజి పెట్టింది. నచ్చజెప్పడానికి శశిభూషణ్ గారే పిలిచారట. మీరూ రండి మేడమ్ అని కింద రాసింది.

ఆఫీసు లక్ష్మీపురంలో ఒక అపార్టుమెంటు కింది అంతస్తు. పన్నెండు మందీ ఒకే ఆటోలో ఎలా పట్టారో గానీ పట్టారు. కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఏసీ గదిలో వాళ్ళ చీరల నుంచి మిరప ఘాటు మెల్లగా విచ్చుకుంది. ముందు ఆఫీసు అమ్మాయి తుమ్మింది, తర్వాత శశిభూషణ్ గారు తుమ్మారు. ముఠాలో ఎవరూ తుమ్మలేదు.

ఆయన మర్యాదగా మొదలుపెట్టాడు. అధ్యాయం అన్నది ఎంత పాత మాటో, ఎంత గౌరవమైన మాటో చెప్పాడు. పన్నెండు కోతల సంగతి కూడా చెప్పాడు.

“ఒక్క ఏడాది కోసి మానేశామా బాబూ?” అంది వెంకటేశ్వరమ్మ. “నలభై ఏళ్ళు కోశాను నేను. ఇదిగో, నా పక్కనున్న ఇది పాతికేళ్ళు. పన్నెండు మందిమి, తలా ఒక్కటే అడిగాం. మీకు తగ్గించే ఇచ్చాం.”

గోడ దగ్గర నవ్వులు. శశిభూషణ్ గారు కూడా నవ్వబోయి ఆపుకున్నారు. చూపించమని జయకుమారికి సైగ చేసింది మేస్త్రి.

జయకుమారి లాప్‌టాప్ బల్ల మీద పెట్టింది. ఎక్కడ పొరపాటు పడిందో వాళ్ళ ముందే చెప్పింది. మాటని బయట పెట్టి వదిలేశానని, ఇప్పుడు లోపల పెట్టానని, ఇంగ్లీషులోకి ఎన్నిసార్లు వెళ్ళి వచ్చినా తెలుగు మొదలవగానే ఇదే వస్తుందని. నమ్మండని అనకుండా చివరి పేజీ తెరిచి ఆయేషాని కూర్చోబెట్టింది.

ఆయేషా వేలు పెట్టి చదివింది. చెప్పినవాళ్ళు. పైకి జరిపింది. కోత పన్నెండు. కోత పదకొండు. ఆమె చదువుతుంటే గోడ దగ్గర ఒక్కొక్కరూ తమది వచ్చినప్పుడు కొంచెం ముందుకి జరిగారు. ఒక్కటి దాకా వచ్చి ఆగింది. ఆగి, మధ్యలో కనిపించిన ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టింది.

“ఇక్కడేముంది?”

చాప్టర్ అని ఉందని, అంటే అధ్యాయమేనని భవ్య చెప్పింది.

“మరి ఇంగ్లీషు చదివేవాళ్ళకెందుకు అది? వాళ్ళకి మాత్రం మేం కొయ్యలేదా?”

శశిభూషణ్ గారు ఇక ఉండబట్టలేక, కోతని ఇంగ్లీషులో ‘పికింగ్’ అంటే విదేశాల వాళ్ళకి అర్థం కాదమ్మా అన్నారు.

“అర్థం కాకపోతే లోపల చదువుతారు,” అంది ఆయేషా. “రాసింది అందుకేగా.”

జయకుమారి ఎవరి అనుమతీ అడగలేదు. అక్కడే ఇంగ్లీషు జాబితా తెరిచి ఒక్క మాట మార్చింది. మళ్ళీ పేజీలు కట్టించింది. నిమిషం పట్టింది. పికింగ్ పన్నెండు, కోత పన్నెండు. పికింగ్ పదకొండు, కోత పదకొండు. ఒకే చేతికి రెండు వైపుల్లా పేజీలు వెనక్కి తిరిగాయి.

శశిభూషణ్ గారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. ఇది తనకి నచ్చలేదనీ, ముందుమాటలో ఆ సంగతి రాస్తాననీ అన్నాడు. రాయమంది వెంకటేశ్వరమ్మ. ఎవరికి తోచింది వాళ్ళు రాసుకోవచ్చని, తమ మాట పైన ఉంటే చాలని అంది. వాళ్ళ సంతకాలు లేకుండా పుస్తకం లేదని ఆయనకి తెలుసు, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి ఒప్పుదల కాగితాలు తెమ్మని భవ్యకి చెప్పాడు.

పన్నెండు కాగితాలు బల్ల మీద పరిచారు. కొందరు వేలిముద్ర వేశారు. వెంకటేశ్వరమ్మ ఆ నల్లటి సిరా డబ్బాని పక్కకి నెట్టి పెన్ను అడిగింది. సంతకం నేర్చుకుని ఏడాదైంది. పచ్చిమిరప తొడిమ తుంచినంత జాగ్రత్తగా ఒక్కో అక్షరం దింపింది. ఆమె పేరు పొడుగు, గడి చిన్నది. వెంక దగ్గరికే సగం గడి అయిపోయింది. అక్షరాలు చిన్నవి చేయమని ఆఫీసు అమ్మాయి చెప్పింది. ఆమె చెయ్యలేదు. గీత దాటి పక్క గడిలోకి వెళ్ళింది. అక్కడ ‘అధికారి సంతకం’ అని అచ్చై ఉంది. దాని మీదుగా రాసుకుంటూ పోయి, చివరి మ్మ దగ్గర ఆగి, ఒత్తు కూడా తీరుబడిగా దిద్ది, పెన్ను శశిభూషణ్ గారికి అందించింది.

ఆయన సంతకం పెట్టడానికి చోటు వెతుక్కున్నాడు. అంచున కాస్త మిగిలి ఉంది. అక్కడ పెట్టాడు.